లోడర్ స్లోగా లేస్తోందని రిలీఫ్ వాల్వ్ బిగించొద్దు

ప్రశ్న: నమస్తే అన్నా. మాది నర్సంపేట దగ్గర పల్లెటూరు. మా నాయన కొన్న పాత మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్ ఉంది. పెంట, చెరువు మట్టి ఎత్తడానికి, కల్లంలో వడ్లు కుప్ప చేయడానికి లేత్ షెడ్డులో లోడర్ చేయించి ముందు బిగించిన. వెనక నాగలి లేపే హైడ్రాలిక్ లిఫ్ట్ పై కవర్ దగ్గర ట్యాపింగ్ తీసి లోడర్‌కు ఆయిల్ ఇచ్చారు. లేపే సిలిండర్లు రెండు, 80 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), 600 మి.మీ. స్ట్రోక్ (రాడ్డు కదిలే దూరం). పొద్దున చల్లగా ఉన్నప్పుడు బకెట్ పైదాకా లేవడానికి 25 సెకన్లు పడుతుంది. మధ్యాహ్నానికి 40 సెకన్లు. క్లచ్ తొక్కితే మధ్యలోనే ఆగిపోతుంది. బరువెత్తినప్పుడు స్టీరింగ్ తిరగదు. మా మెకానిక్ రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను వదిలేసే వాల్వ్) స్ప్రింగ్ వెనక వాషర్ వేసి ప్రెషర్ పెంచుతా అంటున్నడు. ఇంకొకాయన ముందట వేరే పంపు పెట్టుకో అంటున్నడు. ఏది చేయాలి? ఒక హోస్ (ఆయిల్ రబ్బరు పైపు) దగ్గర సన్నగా ఆయిల్ చిమ్ముతోంది, అప్పుడప్పుడు చేత్తో తడిమి చూస్తున్న. అది పెద్ద సమస్యనా?

సమాధానం: తమ్ముడూ, నువ్వు చివర్లో అడిగిన దాని నుంచే మొదలుపెడతా. ఎందుకంటే మిగతావన్నీ నెల రోజులు ఆగినా పర్వాలేదు, అది ఆగదు. హోస్‌కు పడిన సన్న చిల్లును చేత్తో తడమడం ఇవ్వాళే మానెయ్యి. వంద కేజీల ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు వంద కేజీలు) దాటిన ఆయిల్ వెంట్రుకంత సందులోంచి వస్తే సూదిలా చర్మం లోపలికి దిగుతుంది. చేతికి గ్లౌజు ఉన్నా ఆగదు. బయటికి ముల్లు గుచ్చుకున్నంత చుక్క కనిపిస్తుంది, మొదట పెద్దగా నొప్పి కూడా ఉండదు. ఆయిల్ మాత్రం లోపల నరాల వెంట అరచేతి దాకా పాకుతుంది. సాయంత్రానికి వేలు ఉబ్బి గట్టిపడుతుంది. అప్పటికి ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది. ఎప్పుడైనా అలా జరిగితే ఊళ్లో టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికి రావొద్దు. ఆ గంటలోనే వరంగల్ ఎంజీఎం లాంటి సర్జన్లు ఉండే పెద్దాసుపత్రికి పోయి, "హై ప్రెషర్ హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయింది" అని స్పష్టంగా చెప్పాలి. లేకపోతే చిన్న గాయమే కదా అని పంపించేస్తారు.

లీకు ఎక్కడుందో చూడాలంటే పొడుగాటి అట్టముక్క అడ్డం పెట్టు, దాని మీద ఆయిల్ మరక పడుతుంది. కళ్లద్దాలు పెట్టుకో. హోస్ విప్పే ముందు బకెట్ నేల మీద ఆనించి, ఇంజిన్ ఆపి, లివర్‌ను నాలుగైదు సార్లు అటూ ఇటూ ఆడించు. పైపుల్లో మిగిలిన ప్రెషర్ దిగిపోతుంది. పాత హోస్‌కు టేపు చుట్టడం, క్లిప్పు బిగించడం వద్దు, తీసేసి కొత్తది వెయ్యి. కొనేటప్పుడు హోస్ మీద అచ్చు చూడు. ఆర్1 అని ఉంటే లోపల ఒక వరుస స్టీలు అల్లిక, అర అంగుళం సైజులో 160 బార్ (ఒక బార్ అంటే దాదాపు ఒక కేజీ ప్రెషరే) వరకు పనికొస్తుంది. ఆర్2 అయితే రెండు వరుసలు, అదే సైజులో 275 బార్. లోడర్‌కు ఆర్2 మాత్రమే వెయ్యి. కరీంనగర్ గ్రానైట్ క్వారీలు, గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గు గనుల పుణ్యమా అని మన దిక్కు హోస్‌లకు ఎండ్లు ప్రెస్ చేసి ఇచ్చే షాపులకు కొదవ లేదు. పాతది సాంపిల్‌గా తీసుకుపోతే అక్కడికక్కడే చేసిస్తారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. వాషర్ వేయించొద్దు. నీ బండికి కావలసింది ప్రెషర్ కాదు, ఆయిల్. బోరు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరం చిమ్ముతాయి గానీ మడి తొందరగా పారదు కదా, ఇక్కడా అంతే. ప్రెషర్ ఎంత బరువు లేస్తుందో తేలుస్తుంది. ఎంత తొందరగా లేస్తుందో తేల్చేది నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయన్నదే.

నువ్వు కొలతలు రాసి మంచి పని చేశావు, లెక్క కట్టడానికి వీలైంది. 80 మి.మీ. బోరుకు వైశాల్యం దాదాపు 50 చదరపు సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల స్ట్రోక్‌తో హెచ్చిస్తే ఒక్కో సిలిండర్‌కు మూడు లీటర్లు, రెండింటికీ ఆరు లీటర్లు. ఆరు లీటర్లు 25 సెకన్లలో నిండాయంటే పంపు నిమిషానికి 14 లీటర్ల పైచిలుకు ఇస్తోందన్నమాట. ఆ పాత పంపు నుంచి అంతకన్నా పెద్దగా ఆశించలేం.

ఇక బలం సంగతి. 150 కేజీల ప్రెషర్ దగ్గర ఆ రెండు సిలిండర్లు కలిసి దాదాపు 15 టన్నులతో తోస్తాయి. సిలిండర్ పిన్ను లోడర్ చేతికి మొదట్లో ఉంటుంది, బకెట్ చివర్లో ఉంటుంది కాబట్టి అందులో ఆరో వంతో ఏడో వంతో బకెట్ దగ్గర మిగులుతుంది. ఏడో వంతే అనుకున్నా రెండు టన్నుల పైనే. నీ 1035 సొంత బరువే రెండు టన్నుల లోపు. అంటే ఉన్న ప్రెషర్‌తోనే బకెట్ లేవడం కాదు, వెనక చక్రాలు లేచేంత బలం ఉంది. ఇంకా పెంచి ఏం సాధిస్తాం? వాషర్ వేస్తే బకెట్ లేచే సమయం ఒక్క సెకను కూడా తగ్గదు. పంపు వాల్వ్ చాంబర్లు పగులుతాయి, లిఫ్ట్ సిలిండర్ పోతపని చీలుతుంది, హోస్‌లు పేలతాయి. మీ మెకానిక్ చెడు ఉద్దేశంతో చెప్పాడని నేననను. రోటవేటర్ లేవనప్పుడు ఆ చిట్కా ఒకటి రెండు చోట్ల పనిచేసి ఉంటుంది. ఇక్కడ జబ్బు వేరు.

మాస్సీ 1035 లిఫ్ట్ ఇంజినీర్ హ్యారీ ఫెర్గూసన్ పద్ధతిది. ఆయన దాన్ని నాగలి కోసం రూపొందించాడు. నేల గట్టిపడితే నాగలి కొద్దిగా లేవాలి, మెత్తబడితే దిగాలి, అంతా దానంతట అదే జరగాలి. ఆ పనికి కొంచెం కొంచెం ఆయిల్ చాలు. నాలుగు పిస్టన్ల పంపు వెనక హౌసింగ్‌లో ఆయిల్‌లో మునిగి ఉంటుంది, పీటీఓ (వెనక తగిలించిన పనిముట్లను తిప్పే) షాఫ్ట్‌తో తిరుగుతుంది. కంట్రోల్ వాల్వ్ ఆయిల్ పీల్చుకునే వైపు ఉంటుంది కాబట్టి లివర్ అడిగినప్పుడే పంపు పీల్చుకుంటుంది, లేకపోతే ఊరికే తిరుగుతుంది. నాగలికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదనే అంటా. రోజంతా ఎడతెగకుండా ఆయిల్ కావలసిన ముందు బకెట్‌కు మాత్రం అది పుట్టలేదు. క్లచ్ తొక్కితే బకెట్ ఆగిపోవడానికీ అదే కారణం. సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే పీటీఓతో పాటు పంపు కూడా ఆగుతుంది. డబుల్ క్లచ్ అయితే సగం తొక్కినప్పుడు బండి మాత్రమే ఆగాలి, పంపు తిరుగుతూనే ఉండాలి. నీది డబుల్ క్లచ్ అయి కూడా ఆగుతోందంటే క్లచ్ అడ్జస్ట్‌మెంట్ చూపించు.

మధ్యాహ్నం 40 సెకన్లు పట్టడం వేరే కథ. అదే ఆరు లీటర్లకు 40 సెకన్లంటే నిమిషానికి తొమ్మిది లీటర్లే సిలిండర్లకు చేరుతున్నాయి. మిగతా ఐదు ఎటు పోయాయి? వేడికి ఆయిల్ పలచబడి, అరిగిన సందుల్లోంచి జారిపోతోంది. పంపు పిస్టన్లు కావచ్చు, లోడర్ లివర్ వాల్వ్ కావచ్చు, సిలిండర్ సీళ్లు కావచ్చు. సీళ్ల పరీక్ష నువ్వే చేసుకోవచ్చు. లోడర్ పూర్తిగా కిందికి దించు. సిలిండర్ రాడ్డు చివరిదాకా లోపలికి పోయి ఉండాలి. ఇంజిన్ ఆపి ప్రెషర్ దించేశాక సిలిండర్ అడుగు వైపు హోస్ విప్పు. విడిపోయిన హోస్ మూతికి ప్లగ్ బిగించు, సిలిండర్ మూతి కింద డబ్బా పెట్టు. ఇంకొకరు దూరంగా సీటు మీద ఉండి ఇంజిన్ తక్కువ స్పీడులో నడుపుతూ లివర్‌ను దించే వైపు పట్టుకోవాలి. మొదట నాలుగు చుక్కలు వచ్చి ఆగితే సీళ్లు బాగున్నట్టు. ధార వస్తూనే ఉంటే పోయినట్టు. సీళ్లు బాగుంటే అప్పుడు పంపునో వాల్వునో అనుమానించాలి.

వాటికంటే ముందు ఆయిల్ స్టిక్ బయటికి తీసి రంగు చూడు. మన దగ్గర కేజ్‌వీల్స్ వేసి పొలం కలిపిన బండ్లలో యాక్సిల్ సీళ్ల గుండా నీళ్లు దిగడం మామూలే. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు. అలా ఉంటే పూర్తిగా వంపేసి, ఆయిల్ వడకట్టే లోపలి జాలి తీసి డీజిల్‌తో కడిగి, కొత్త ఆయిల్ పొయ్యి. జాలికి ఇత్తడి రంగు పొడి అంటుకుని ఉంటే పంపు లోపల అరుగుతోందని అర్థం. లివర్ ఎత్తగానే పంపు కీచుమంటుంటే ఆయిల్ తక్కువైనా అయి ఉండాలి, జాలి మూసుకుపోయైనా ఉండాలి.

ఇక చేయాల్సింది. నీ పని ఎంతన్నదాన్ని బట్టి రెండు దారులున్నాయి. ఏడాదికి నాలుగు రోజులు సొంత పెంట ఎత్తుకోవడం, కోతలప్పుడు వడ్లు కుప్ప చేయడం, అంతే అయితే వేరే పంపు ఖర్చు నీకు దండగ. 80 మి.మీ. సిలిండర్లు తీసేసి 63 మి.మీ.వి వేయించు. అదే స్ట్రోక్‌కు రెండింటికీ కలిపి నాలుగు లీటర్ల లోపే ఆయిల్ పడుతుంది, ఇప్పటి పంపుతోనే 25 సెకన్ల పని పదహారులో అయిపోతుంది. బలం తగ్గదా అంటావేమో. 150 కేజీల దగ్గర రెండూ కలిసి తొమ్మిది టన్నుల పైన తోస్తాయి, బకెట్ దగ్గర టన్నుకు పైగానే మిగులుతుంది. నీ బండి ముందు యాక్సిల్ మోయాల్సిన దానికంటే అదే ఎక్కువ. సిలిండర్ మూసినప్పటి పొడవు, పిన్నుల సైజు పాతవాటితో సరిపోయేలా చూసుకో. చేసిన షెడ్డు వాళ్లు పెద్ద సిలిండరైతే గట్టిగా ఉంటుందనుకుని వేసి ఉంటారు. చాలా చోట్ల జరిగేది ఇదే.

కిరాయికి తిప్పాలనుకుంటే, రోజూ నాలుగైదు గంటలు లోడర్ పని ఉంటే, రెండో ఆయన చెప్పిందే సరైన మాట. లోడర్‌కు వేరే పంపు, వేరే ట్యాంకు, వేరే ఆయిల్. దీనితో క్లచ్ బాధ పోతుంది. ఇంకో లాభం, హోస్ పేలినా గేర్‌బాక్స్ ఆయిల్ రోడ్డు పాలు కాదు. ఇప్పుడు నువ్వు నడుపుతున్న పద్ధతిలో రెండూ ఒకే ఆయిల్, అది మర్చిపోవద్దు.

పంపు వెనక పీటీఓకు తగిలించే ఆలోచన వద్దు. పీటీఓ నిమిషానికి 540 చుట్లే తిరుగుతుంది, 20 సీసీ గేర్ పంపు (ఒక్కో చుట్టుకు 20 సీసీ ఆయిల్ ఇచ్చేది) దాని మీద 11 లీటర్లు కూడా ఇవ్వదు. పైగా మళ్లీ క్లచ్‌తో ముడి. క్రాంక్ ముందు పుల్లీ నుంచి తిప్పితే అదే 20 సీసీ పంపు 1500 ఆర్‌పీఎం దగ్గర 30 లీటర్లు ఇస్తుంది. 63 సిలిండర్లయితే ఏడెనిమిది సెకన్లలో, ఉన్న 80 సిలిండర్లతోనే అయితే 12 సెకన్లలో బకెట్ పైన ఉంటుంది. ఇంతకంటే పెద్ద పంపు అడగొద్దు. 30 లీటర్లు 150 కేజీల దగ్గర నడిస్తేనే ఇంజిన్ నుంచి పది పన్నెండు హెచ్‌పీ లాగుతుంది, ఉన్నది 36 హెచ్‌పీ తరగతి బండి.

గేర్ పంపు షాఫ్ట్ పక్క లాగుడుకు ఓర్చుకోదు. బెల్టు నేరుగా పంపు పుల్లీకి వేస్తే కొద్ది రోజులకే బుష్‌లు తింటుంది. బెల్టు తప్పనిసరైతే పుల్లీని వేరే బేరింగుల మీద నిలబెట్టి, అక్కడి నుంచి స్టార్ కప్లింగ్‌తో పంపుకు ఇవ్వాలి. క్రాంక్‌కు ఎదురుగా నేరుగా కప్లింగ్ పెట్టే చోటుంటే అది ఇంకా మేలు, కానీ రెండు షాఫ్టులూ ఒకే గీత మీద ఉండాలి. కొనేటప్పుడు తిరిగే దిక్కు తప్పకుండా చెప్పు. ముందు నిలబడి చూస్తే మన ఇంజిన్ గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది. పంపును ఇంజిన్‌కు ఎదురుగా పెడితే, పంపు షాఫ్ట్ వైపు నుంచి చూసినప్పుడు అది ఎదురు దిక్కు అవుతుంది, అంటే లెఫ్ట్ పంపు కావాలి. బెల్టుతో పక్కన పెట్టి షాఫ్ట్ ముందుకు చూసేలా ఉంటే రైట్ పంపు. తప్పు దిక్కు పంపు బిగిస్తే స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిల్ సీలు ఎగిరిపోతుంది.

పైపుల్లో ఎక్కువమంది పొరపాటు చేసేది ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు దగ్గర. అక్కడ ప్రెషర్ లేదు కదా అని సన్న రబ్బరు పైపు వేస్తారు. పంపు పీల్చినప్పుడు అది లోపలికి నొక్కుకుపోతుంది, పంపు గులకరాళ్లు నమిలినట్టు చప్పుడు చేస్తుంది, ట్యాంకులో నురగ తేలుతుంది. ఒకటింపావు అంగుళం, లోపల స్టీలు వైరు చుట్ట ఉన్న పైపు వెయ్యి. సిలిండర్లకు పోయేది అర అంగుళం చాలు, ట్యాంకుకు తిరిగొచ్చేది ముప్పావు అంగుళం. తిరిగొచ్చే దారిలో ఫిల్టర్ పెట్టు.

ట్యాంకు 40 లీటర్లకు తక్కువ వద్దు. ఆయిల్ తిరిగొచ్చే మూతి ఆయిల్ మట్టం కింద ఉండాలి, పీల్చే మూతికి దూరంగా ఉండాలి, మధ్యలో అడ్డు రేకు ఉండాలి. వెల్డింగ్ అయ్యాక లోపల మిగిలిన బుడిపెలన్నీ గీకి కడిగిన తర్వాతే ఆయిల్ పొయ్యి. మన రామగుండం, వరంగల్ ఎండలకు 68 గ్రేడ్ హైడ్రాలిక్ ఆయిల్ సరిపోతుంది. బకెట్ చివరిదాకా లేచాక కూడా లివర్ పట్టుకునే ఉంటే ఆయిల్ రిలీఫ్ గుండా ట్యాంకుకు పోతూ ఏడున్నర కిలోవాట్ల శక్తి మొత్తం వేడిగా మారుతుంది. 40 లీటర్ల ఆయిల్ నిమిషానికి ఆరేడు డిగ్రీలు వేడెక్కుతుంది. 80 డిగ్రీలు దాటితే సీళ్లు గట్టిపడిపోతాయి. కాబట్టి లేచిందా, లివర్ వదిలెయ్. కిరాయికి వేరే డ్రైవర్ నడిపితే అతనికి ఈ మాట ముందే చెప్పు.

లివర్ వాల్వ్ రెండు స్పూళ్లది (లేపడానికి ఒకటి, బకెట్ వంచడానికి ఒకటి), ఓపెన్ సెంటర్ రకం (లివర్ వదిలితే ఆయిల్ ఊరికే ట్యాంకుకు పోయేది), లోపలే రిలీఫ్ ఉన్నది తీసుకో. లేపే స్పూల్‌కు ఫ్లోట్ పొజిషన్ (బకెట్ నేల ఎత్తుపల్లాలను బట్టి తేలిగ్గా కదిలేది) ఉంటే కల్లంలో వడ్లు నేలకు ఆనించి ఊడ్చినట్టు తోసుకోవచ్చు. పంపుకూ రిలీఫ్‌కూ మధ్య ఎక్కడా గేట్ వాల్వ్ పెట్టనివ్వొద్దు, అది మూసి ఉండగా ఎవరైనా స్టార్ట్ చేస్తే పంపు పగులుతుంది. మొదటిసారి రిలీఫ్ పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టి, గేజ్ చూస్తూ 150 దాకా తెచ్చి, అక్కడ లాక్ నట్ బిగించి వదిలెయ్యి. లేపే సిలిండర్ మూతి దగ్గరే హోస్ బర్స్ట్ వాల్వ్ ఒకటి వేయించు. హోస్ తెగినా బకెట్ దబ్బున పడదు.

స్టీరింగ్ తిరగకపోవడం హైడ్రాలిక్ సమస్య కాదు, బరువు సమస్య. ముందు టైర్ల మీద లోడర్, బకెట్, మట్టి అన్నీ కలిసి పడుతున్నాయి, వెనక తేలికైపోతోంది. వెనక మూడు పాయింట్లకు ఇసుకో కాంక్రీటో నింపిన ఇనుప పెట్టె తగిలించు, వెనక టైర్లలో ముప్పావు వంతు నీళ్లు నింపించు. ఆ పెట్టె బరువు ముందు యాక్సిల్ మీది భారాన్ని కొంత లాగేసుకుంటుంది. లోడర్ ఫ్రేమ్ ఎక్కడ బిగించారో కూడా చూడు. ముందు సపోర్టుకూ ఇంజిన్ పక్కకూ మాత్రమే బిగించి ఉంటే, బకెట్ మట్టిలో గుచ్చిన ప్రతిసారీ ఆ దెబ్బ ఇంజిన్‌కూ క్లచ్ హౌసింగ్‌కూ మధ్య బోల్టుల మీద పడుతుంది. ఆ బోల్టులు వదులై, బండి అక్కడే రెండుగా విడిపోయే ప్రమాదముంది. రెండు పక్కలా ఛానల్ వేసి వెనక యాక్సిల్ హౌసింగ్ దాకా తీసుకుపోయి కట్టించు. ఇది చేయించకుండా కొత్త పంపు పెట్టొద్దు, స్పీడు పెరిగితే దెబ్బా పెరుగుతుంది.

2015లో చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు మట్టి పొలాలకు తోలుకోవడం మన దగ్గర బాగా పెరిగింది. కానీ ఎండిన చెరువులో గట్టిపడిన రేగడిని తవ్వడం ఈ బండి పని కాదు. అది జేసీబీతో తవ్వించి, పొడి మట్టిని మాత్రం నువ్వు ఎత్తుకో. పైకి లేపిన బకెట్ కింద మనిషిని నిలబడనివ్వొద్దు. లేపి ఉంచి పని చేయక తప్పకపోతే సిలిండర్ రాడ్డు మీద ఛానల్ ముక్క ఆన్చి పిన్ను పెట్టాకే కిందికి వెళ్లు. రోడ్డెక్కించే ముందు ఆర్టీఏ ఆఫీసులో ఒకసారి అడుగు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపం మార్చడానికి షరతులున్నాయి, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది అదే.

ముందు హోస్ మార్పించు, సీళ్ల పరీక్ష చెయ్యి, ఆయిల్ చూడు. తర్వాత ట్యాపింగ్ దగ్గర టీ ఆకారపు జాయింట్ వేసి 400 కేజీల గేజ్ పెట్టించి, బకెట్ చివరిదాకా లేచినప్పుడు ముల్లు ఎక్కడ ఆగుతుందో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రాసుకో. ఆ రెండు అంకెలు, క్రాంక్ పుల్లీకీ ముందు సపోర్టుకూ మధ్య ఎన్ని అంగుళాల చోటుందో, సింగిల్ క్లచ్చో డబుల్ క్లచ్చో రాసి నాకు పంపించు. పంపు ఎదురుగా పెట్టాలా పక్కన పెట్టాలా అన్నది అప్పుడు చెప్తా.